అడగనివాడు

డిపోలో అందరూ అతన్ని స్టెప్నీ అనేవారు, స్పేర్ చక్రం అన్నమాట. వెక్కిరింపుగా మొదలైన ఆ పేరు కొన్నేళ్లకి ముద్దుపేరైంది, ఇంకొన్నేళ్లకి అసలు పేరే అయి కూర్చుంది. ఎవరి బస్సుకి డ్రైవరు రాకపోతే ఆ బస్సుకి అతను. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి బావమరిది పెళ్లయినా, ఎవరికి ఆ పూట మంచం దిగబుద్ధి కాకపోయినా ముందుగా వినిపించే మాట ఒకటే: "స్టెప్నీ ఉన్నాడుగా!"

స్పేర్ డ్రైవరు బతుకు తెలియనివాళ్లకి అదేదో తేలిక పని అనిపిస్తుంది. తనకంటూ ఒక రూటుండదు, ఒక బస్సుండదు, ఏ పూట పని పడుతుందో తెలియదు. తెల్లారకముందే వచ్చి కంట్రోలర్ గది బయట బల్ల మీద కూర్చోవాలి. ఏ డ్రైవరు రాకుండా పోతాడా అని ఎదురుచూడాలి. ఒక్కోసారి మధ్యాహ్నం దాకా అందరూ బుద్ధిగా వచ్చేస్తారు, నడుం పట్టేసేదాకా కూర్చోవడమే పని. ఒక్కోసారి కూర్చున్న మరుక్షణం పిలుపొస్తుంది. పరాయివాడి బస్సెక్కి, వాడి కాళ్లకి సరిపెట్టిన సీటు ముందుకో వెనక్కో జరుపుకుని, వాడి ముఖానికి తిప్పిన అద్దాలు తన ముఖానికి తిప్పుకుని, వాడి చెమట తువ్వాలు ఒక పక్కన పెట్టి బయల్దేరాలి. పని అయిపోయాక స్టెప్నీ మళ్లీ సీటు జరిపి, అద్దాలు తిప్పి, తువ్వాలు యథాస్థానంలో వేసి మరీ దిగేవాడు. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. మిగతా స్పేర్ వాళ్లెవరూ చేయరు కూడా. మర్నాడు ఆ డ్రైవరు వచ్చి "ఎవడ్రా నా సీటు కదిపింది?" అనకూడదు, అంతే.

కొత్తగా చేరినవాళ్లకి కొన్నాళ్లు స్పేర్ పని తప్పదు. తర్వాత ఎవరో ఒకరు రిటైరవుతారు, ఖాళీ వస్తుంది, రూటు దొరుకుతుంది. ఇతనికి జుట్టంతా నెరిసింది, రిటైర్మెంటు కనుచూపు మేరలోకి వచ్చింది, ఇంకా ఆ బల్ల మీదే ఉన్నాడు. అలాగని అతనికి ఎవరూ అన్యాయం చేయలేదు. ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే పాపం డిపోవాళ్లని తిట్టుకుంటారు.

ఆ డిపోలో ఒక పద్ధతుంది. ఏడాదికోసారి, కొత్త టైంటేబుల్ వచ్చే ముందు, డ్రైవర్లందర్నీ రెస్టు గదిలో కూర్చోబెడతారు. దాన్ని రూట్ల రోజు అంటారు. గోడకి పెద్ద తెల్లబోర్డు ఉంటుంది. కంట్రోలర్ సీనియారిటీ ప్రకారం ఒక్కొక్కర్నీ పిలుస్తాడు. పిలిచినవాడు లేచి నిలబడి, ఏ రూటు కావాలో ఏ షిఫ్టు కావాలో పదిమందీ వినేలా నోటితో చెప్పాలి. కాగితాలు ఇచ్చుకోవడాలు, చెవిలో ఊదడాలు చెల్లవు. చెప్పింది చెప్పినట్టు బోర్డు మీదికెక్కుతుంది. పలకనివాడు స్పేర్ గడిలోకి పోతాడు, మరుసటి ఏడాదికి వరసలో కూడా వెనక్కి జరుగుతాడు. ఒకసారి ఎక్కాక మళ్లీ రూట్ల రోజు వచ్చేదాకా దాన్ని దేవుడు దిగొచ్చినా మార్చలేడు.

మొదటిసారి పిలిచినప్పుడు అతను లేచి, "ఏదైనా పర్లేదండీ" అన్నాడు.

"ఏదైనా అనే రూటు లేదయ్యా మన దగ్గర" అన్నాడు అప్పటి కంట్రోలర్. గది గొల్లుమంది. అతనూ నవ్వాడు. స్పేర్ గడిలో రాశారు. మరుసటి ఏడూ అదే తంతు. ఇంకో ఏడు మాత్రం ఒక నంబరు గట్టిగా అనుకుని లేచాడు. ఇంతలో వెనక ఎవరో "నాకా రూటొస్తే బాగుండురా, పిల్లల బడి ఆ దార్లోనే" అని గొణగడం చెవిన పడింది. నాలిక చివరి దాకా వచ్చిన నంబరు మింగేసి కూర్చున్నాడు. తర్వాత కంట్రోలర్లు మారారు, బోర్డు మారింది, అతను మారలేదు. ఇప్పుడున్న కంట్రోలర్ అతన్ని పిలవడమే మానేశాడు. బోర్డు మీద గళ్లు గీసేటప్పుడే స్పేర్ గడిలో అతని పేరు రాసి పెట్టేస్తాడు. ఎలాగూ పలకడు, అందరి టైమూ వృథా ఎందుకని.

"అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు కదరా! నీకా నోరు దేనికిచ్చాడ్రా దేవుడు?" అని మీసాలాయన తల బాదుకునేవాడు. మీసాలాయన అతనితోపాటే చేరిన డ్రైవరు. మంచి రూటు ఏనాడో పట్టేశాడు. ఆ ధీమాతోనే మీసాలు కూడా పెంచాడని అంటారు.

సామెత బాగానే ఉంది. కానీ మన స్టెప్నీ పెరిగిన ఇంట్లో ఆ సామెత తలకిందులైంది. అక్కడ అడిగినవాళ్లకి కసుర్లు, అడగనివాడికి ముద్దులు.

అతనికి నాలుగేళ్లప్పుడు తల్లికి జబ్బు చేసింది. తండ్రి లారీ మీద ఊళ్లు పట్టుకు తిరిగే మనిషి. తల్లికి నయమయ్యేదాకా అని చెప్పి పిల్లాణ్ణి పెద్దమ్మ ఇంట్లో దింపి వెళ్లాడు. ఆవిడకి నయం కాలేదు. తండ్రి మొదట్లో తరచు వచ్చాడు, తర్వాత ఎప్పుడైనా వచ్చాడు, ఆ తర్వాత అతని కబురు కూడా రాలేదు. పెద్దమ్మకి అప్పటికే అయిదుగురు పిల్లలు, రెండే గదులు. పెద్దమ్మ చెడ్డది కాదు. చెడ్డదై ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది నాకు! కొట్టి తిట్టి పెంచితే ఏ మీసాలొచ్చే వయసులోనో ఎదురుతిరిగేవాడు. ఆవిడ మంచి మనిషి. పైగా అలిసిపోయిన మనిషి. తెల్లారిన దగ్గర్నుంచి అయిదుగురూ కొంగు పట్టుకుని "అమ్మా నాకది, అమ్మా నాకిది" అని పీక్కు తింటుంటే, మూల కూర్చుని ఏమీ అడగని ఆరో పిల్లాడు ఆవిడ కంటికి వరంలా కనిపించాడు.

"వీడు బంగారం. ఏదీ అడగడు. నా కడుపున పుట్టినవాళ్లకంటే వీడే నయం" అని ఇంటికొచ్చినవాళ్లందరితో చెప్పి తల నిమిరేది. ఆ చెయ్యి తల మీదికి రావడం కోసం అతను ఏదైనా మానుకునేవాడు.

బడి బూట్లు బిగుతైపోతే చెప్పలేదు. వేళ్లు ముడుచుకుని నడిచాడు. ఎడమ కాలి చిటికెన వేలు పక్క వేలి మీదికెక్కి అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ రోజంతా క్లచ్ తొక్కితే సాయంత్రానికి ఆ వేలు సలుపుతుంది. చెప్పి ఉంటే పెద్దమ్మ కొనేది. ఓ కసురు కసిరి కొనేది. భయమంతా ఆ కసురుకే. ఆ అయిదుగుర్నీ ఎంత కసిరినా వాళ్లక్కడే ఉంటారు, అది వాళ్ల ఇల్లు. తనని కసిరితే ఏమవుతుందో తనకి తెలియదు. ఒక ఇంటి నుంచి అప్పటికే ఒకసారి పంపించేశారు. ఎందుకు పంపించారో కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. పెద్దవాళ్లు చెప్పకపోతే పిల్లలు ఊరుకుంటారా? తమకి తోచిన కారణం తామే కల్పించుకుంటారు. అతని చిన్న బుర్ర కల్పించుకున్నది ఇదీ: నేనేదో ఎక్కువ అడిగి ఉంటాను, అందుకే అమ్మకి విసుగొచ్చి ఉంటుంది.

ఒకసారి పెదనాన్న స్నేహితుడి కారు అడిగి తెచ్చాడు. అందర్నీ సముద్రానికి తీసుకెళతానన్నాడు. పిల్లలు ఒకళ్ల ఒళ్లో ఒకళ్లు ఎక్కారు. ఎంత సర్దుకున్నా తలుపు పడటంలేదు. అతన్ని ఎవరూ దిగమనలేదు. పెదనాన్న వెనక్కి తిరిగి, "ఎవరైనా ఒక్కరు..." అని ఆగాడంతే.

"నేనుంటాలే పెదనాన్నా. నాకు సముద్రం ఇష్టం లేదు" అని దిగిపోయాడు. అప్పటికి సముద్రం ఎలా ఉంటుందో కూడా తెలియదు వాడికి. పెద్దమ్మ కారు దిగి వచ్చి, "మా నాయనే" అని నుదుటి మీద గట్టిగా ముద్దు పెట్టి, పక్కింటివాళ్లకి అప్పగించి వెళ్లింది. సముద్రం పోయినందుకు ఏడ్చినట్టు అతనికి గుర్తు లేదు. ముద్దు మాత్రం బాగా గుర్తుంది. నన్నడిగితే ఆ ఇంట్లో అతనికి తగిలిన పెద్ద దెబ్బ అదేనంటాను.

ఇలాంటివాడికి పెళ్లెలా అయిందని మీకు అనుమానం రావచ్చు. ఆవిడే అడిగింది.

ఆవిడ బట్టల షాపులో సేల్స్ పని చేసేది. చొక్కా కోసమని వెళ్లి ఏ రంగు కావాలో చెప్పలేక, ఆవిడ మొదట తీసి చూపించిందే ప్యాక్ చేయించుకున్నాడు. అది ఇద్దరు పట్టే చొక్కా. వారం తిరక్కుండా అదే తొడుక్కుని ఇంకో చొక్కాకి వచ్చాడు. ఆవిడ చూసి, నవ్వు ఆపుకోలేక కౌంటర్ కిందికి వంగింది. అలా ఆ ఏడాది అతను కొన్న చొక్కాల్లో సగం వేసుకోవడానికి పనికొచ్చేవి కావు. చివరికి ఒకరోజు ఆవిడే, "మీరు చొక్కాల కోసమే వస్తున్నారా, ఇంకేమైనా చెప్పాలా? నాకు పెద్ద ఓపిక లేదు" అంది. అతను చెమటలు కక్కాడు. "సరే, నేనే అడుగుతాను. పెళ్లి చేసుకుందామా?" అంది. "మీకేది వీలైతే అది" అన్నాడట. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడ ఇప్పటికీ మొట్టికాయ వేస్తుంది.

ఒక కూతురు పుట్టింది. తనకి జరిగింది కూతురికి జరగకూడదని అతను చేసిన గొడవ అంతా ఇంతా కాదు. "అమ్మలూ నీకేం కావాలి? ఎర్రదా నీలందా? ఇంకోటి చూస్తావా?" అని ఆ పిల్లని ఊపిరి తీసుకోనిచ్చేవాడు కాదు. "ఏదో ఒకటి కొను నాన్నా, నా ప్రాణం తీయకు" అని పిల్ల ఏడ్చేది. ఆమె పెళ్లి చేసుకుని ఊరికి ఆ చివర ఉంటోంది. తనకి కావలసింది మొహమాటం లేకుండా అడుగుతుంది. ఆ గొంతు ఫోన్లో విన్నప్పుడల్లా అతనికి గర్వంగానూ ఉంటుంది, కొంచెం భయంగానూ ఉంటుంది. ఇంతలా అడిగితే అవతలివాళ్లు ఏమనుకుంటారో అని.

ఈసారి రూట్ల రోజుకి కొన్ని నెలల ముందు అతని భార్యకి పక్షవాతం వచ్చింది. షాపులో గుడ్డ తాను విప్పుతూ విప్పుతూ పడిపోయింది. ప్రాణానికి గండం గడిచింది కానీ కుడి చెయ్యి చచ్చుబడింది, మాట ముద్దయింది. ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒక్క మాట తేల్చి చెప్పింది: "వచ్చే కొన్ని నెలల్లో చెయ్యి ఎంతవరకు తిరిగొస్తే అంతే. రోజూ పొద్దున్నే తీసుకురండి. మధ్యలో మానేస్తే తర్వాత ఎంత చేసినా లాభం ఉండదు."

పొద్దున్నే తీసుకురావాలి. పొద్దున్నే అతను బల్ల మీద ఉండాలి. కొన్నాళ్లు కూతురు ఊరి ఆ చివర నుంచి వచ్చి తీసుకెళ్లింది, తర్వాత ఆమెకి నెలలు నిండుతుంటే డాక్టరు తిరగొద్దన్నాడు. ఎదురింటావిడ కొన్నిసార్లు సాయం వచ్చింది. కొన్ని రోజులు ఎవరూ లేక ఊరికే పోయాయి. ఆ రోజుల్లో అతను ఇంటికొచ్చేసరికి ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఎడమ చేత్తో కుడి చేతి వేళ్లు ఒక్కొక్కటీ తెరుస్తూ ఉండేది. తెరిచిన వేళ్లు మళ్లీ మూసుకుపోయేవి. అతను బూట్లు విప్పడం మరిచిపోయి అలా నిలబడిపోయేవాడు.

రూట్ల రోజు దగ్గరికొచ్చింది. పన్నెండో నంబరు బస్సు, మధ్యాహ్నం షిఫ్టు. వాళ్ల వీధి చివరే ఆగుతుంది. మధ్యాహ్నం ఎక్కితే చాలు, పొద్దుటి పూటంతా ఆవిడదే. సీనియర్లు సాయంత్రాలు ఇంట్లో ఉండాలని పొద్దుటి షిఫ్టులే కోరుకుంటారు కాబట్టి అది అతని వంతు దాకా మిగిలే ఉంటుంది. నోరు తెరిచి అడిగితే చాలు, ఇంకేమీ చేయనక్కర్లేదు. ఆవిడ కూడా అదే చెప్పింది, ముద్ద ముద్దగా: "ఈసారి... అడుగు."

"అడుగుతాను" అన్నాడు.

రెండు రోజుల ముందు టీ కొట్టు దగ్గర కొత్తల్లుడు కలిశాడు. డిపోలో చేరి అయిదారేళ్లైన డ్రైవరు. రోజూ మడత నలగని చొక్కాతో, నూనె పెట్టి దువ్విన తలతో వస్తాడని ఆ పేరు పెట్టారు. ఈ మధ్యే బిడ్డ పుట్టింది, మడతలూ నలిగాయి, కళ్లూ లోపలికి పోయాయి.

"అన్నా, రాత్రంతా చంటిది నిద్రపోనివ్వట్లేదు. పొద్దున్నే డ్యూటీకొస్తే స్టీరింగ్ మీదే నిద్రొస్తోంది. ఈసారి పన్నెండో నంబరు మధ్యాహ్నం నేను తీసుకుంటున్నా. నీ తర్వాత నేనే కదా. నువ్వెలాగూ అడగవుగా?"

అతను టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ చెయ్యి గుర్తొచ్చింది. ఫిజియో అమ్మాయి మాట గుర్తొచ్చింది. అన్నీ గుర్తొస్తుండగానే నోరు తన పని తాను చేసేసింది.

"దాందేముంది తమ్ముడూ, తీసుకో" అన్నాడు.

"నువ్వు దేవుడివన్నా!" అని కొత్తల్లుడు భుజం తట్టి టీకి డబ్బులిచ్చి వెళ్లాడు. భుజం మీద వాడి చెయ్యి పడగానే ఒంట్లో ఎక్కడో హాయిగా అనిపించింది. ఆ హాయి చూసుకుని అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. గ్లాసు దించి ఇంటిదారి పట్టాడు.

ఇంటికెళ్లి దాచలేదు. ఆవిడ దగ్గర అతను ఏదీ దాచలేడు. కుర్చీ పక్కన నేల మీద కూర్చుని జరిగింది చెప్పాడు. 

"అయితే... నా చెయ్యి కూడా... ఇచ్చేసి వచ్చావా?" అంది.

అతను ఎడమ చెయ్యి పట్టుకోబోతే ఆవిడ లాక్కుంది.

"రూట్లు... ఇచ్చావు. సెలవులు... ఇచ్చావు. నీవి. నేను... నవ్వాను. ఇది నాది." అంత పొడుగు మాట ఆవిడ పక్షవాతం తర్వాత మాట్లాడలేదు. ముఖం ఎర్రబడింది, పెదవి ఓ పక్కకి జారింది. "అది నాది కదా! నన్ను... అడిగావా?"

అతను తల వంచుకుని ఏడ్చాడు. "నోరు రాదే. నిజంగా రాదు. ఎదుటివాడి ముఖం మాడిపోతే చూడలేను. చిన్నపిల్లాడిలా భయమేస్తుంది, ఈ వయసులో. సిగ్గుగా ఉంది."

ఆవిడ కోపం చల్లారలేదు. చల్లారనివ్వలేదు కూడా. "వాడి ముఖం... మాడితే... ఏమవుతుంది?" అంది.

అతను ఆలోచించాడు. నిజాయితీగానే ఆలోచించాడు. ఏమీ అవదని తెలుసు, కానీ నమ్మకం కుదరదు. ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అతన్ని అడగలేదు. అతనూ తనని తాను అడుక్కోలేదు.

రూట్ల రోజు రెస్టు గది కిక్కిరిసింది. ఫ్యాన్లు గట్టిగా తిరుగుతున్నా చెమట, డీజిలు, సిగరెట్ల వాసన. స్టెప్నీ ఎప్పటిలా వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాడు. దారంతా పెదవులు కదుపుతూ "పన్నెండో నంబరు మధ్యాహ్నం" అని వల్లెవేసుకుంటూనే వచ్చాడు. ఎదురొచ్చిన ఒకాయన తనని తిడుతున్నాడేమోనని ఆగి మరీ చూశాడు.

బోర్డు మీద గళ్లు గీసి ఉన్నాయి. స్పేర్ గడిలో అతని పేరు అప్పటికే రాసుంది.

కంట్రోలర్ మొదలుపెట్టాడు. మీసాలాయన తన పాత రూటే తీసుకున్నాడు. ఒక్కొక్కరూ లేచి చెప్పడం, మార్కర్ కీచుమనడం, ఎవరో ఒకరు జోకు వేయడం. అతని వంతు దగ్గరికొచ్చింది. కంట్రోలర్ కళ్లు జాబితాలో ఒక వరస దాటి కిందికి దిగాయి.

"కొత్తల్లుడుగారూ, చెప్పండి."

"పన్నెండో నంబరండీ. మధ్యాహ్నం."

మార్కర్ బోర్డు మీదికి లేచింది.

"ఆగండి" అన్నాడు స్టెప్నీ.

అంత చిన్నగా అన్నాడంటే పక్కవాడికి తప్ప వినపడలేదు. మార్కర్ ఒక అక్షరం రాసేసింది. అతను గోడ పట్టుకుని లేచాడు.

"కంట్రోలర్‌గారూ, ఆగండి. నన్ను పిలవలేదు."

గది తిరిగి చూసింది. ఎవరో కిసుక్కుమన్నారు. "ఏంటి స్టెప్నీ, టీ ఏమైనా కావాలా?" అన్నారు వెనకనుంచి. మీసాలాయన "ష్! నోర్ముయ్యండ్రా" అని కసిరాడు.

"నిన్ను పిలవడం ఏంటయ్యా? ఎప్పుడూ ఉండేదేగా" అన్నాడు కంట్రోలర్. ఆయనకి కోపం కూడా రాలేదు, ఆశ్చర్యమే.

"ఈసారి పిలవండి."

కంట్రోలర్ బోర్డుకేసీ అతనికేసీ చూసి, పిలిచాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ గదిలో అతని అసలు పేరు వినపడింది. కొత్తవాళ్లు కొందరు ఎవర్నా అని చుట్టూ చూశారు.

"పన్నెండో నంబరు, మధ్యాహ్నం" అన్నాడు.

కొత్తల్లుడు లేచాడు. వాడి ముఖం నిజంగానే మాడిపోయింది. "అదేంటన్నా! మొన్న టీ కొట్టు దగ్గర నాకు మాటిచ్చావు కదా!"

"ఇచ్చాను తమ్ముడూ. ఇవ్వకూడదు. తప్పు నాదే."

"మరి ఇప్పుడేంటి? నువ్వు తీసుకోమన్నావని నేను వేరేదేదీ చూసుకోలేదు. ఇదేం పద్ధతన్నా?"

వాడు అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే అన్నిటికంటే కష్టంగా ఉంది. కూర్చుంటే అయిపోతుంది. "సర్లే తమ్ముడూ" అని కూర్చుంటే గది మళ్లీ మామూలైపోతుంది, అందరూ నవ్వుతారు, తనూ నవ్వొచ్చు.

కంట్రోలర్ మంచివాడే. ఇబ్బంది చూడలేక సాయానికొచ్చాడు. "ఉండవయ్యా, వాళ్లావిడకి ఒంట్లో బాగాలేదు కదా. ఏం స్టెప్నీ, ఆవిడ కోసమేనా? ఆ మాట చెప్తే సరిపోయేదిగా! పాపం, భార్య కోసం అడుగుతున్నాడంటే ఎవరు కాదంటారు? ఏమయ్యా, కాదంటావా?"

కొత్తల్లుడు నేల చూపులు చూశాడు. గదిలో అప్పుడే "అయ్యో పాపం", "నిజమే కదా" అనే గుసగుసలు లేచాయి. అవునంటే చాలు. అందరూ వచ్చి వీపు తడతారు. తన కోసం ఏమీ అడగని బంగారం, పెళ్లాం కోసం అడిగాడు చూశారా అంటారు. ఆ తట్టడం ఎంత తియ్యగా ఉంటుందో అతనికంటే బాగా తెలిసినవాడు ఆ గదిలో లేడు.

"ఆవిడ కోసమేనండి" అన్నాడు. ఆగాడు. "కానీ ఒక్క ఆవిడ కోసమే కాదు. ఆవిడ బాగున్నా నేనిది అడగాలి. ఎప్పుడో అడగాల్సింది. ఆ బల్ల మీద కూర్చోలేను ఇంక. నేను అలిసిపోయాను. నాకిది కావాలి."

ఎవరూ జోకు వేయలేదు. వీపు తట్టడానికీ ఎవరూ రాలేదు. భార్య కోసమంటే ఏమనాలో అందరికీ తెలుసు, నాకు కావాలంటే ఏమనాలో ఎవరికీ తోచలేదు. కంట్రోలర్ కాసేపు మార్కర్ మూతతో గడ్డం గోక్కుని, స్పేర్ గడిలో పేరు చేత్తోనే తుడిచి, పన్నెండు ఎదురుగా రాశాడు. తర్వాత కొత్తల్లుణ్ణి అడిగాడు. వాడు ఇంకేదో నంబరు విసుగ్గా చెప్పి కూర్చున్నాడు.

స్టెప్నీ కూర్చున్నాడు. గెలిచినట్టేమీ అనిపించలేదు. జ్వరం దిగినవాడికి ఉండే నీరసం తప్ప ఒంట్లో ఇంకేమీ లేదు. మీటింగు అయ్యాక గుమ్మం దగ్గర కొత్తల్లుడి కోసం నిలబడ్డాడు. వాడు హెల్మెట్ పెట్టుకుని, పక్కనుంచే, అటు తల కూడా తిప్పకుండా వెళ్లిపోయాడు. వెనకాలే పరిగెత్తి "పోనీ నువ్వే తీసుకో" అనాలని కాళ్లు ఎంత లాగాయో చెప్పలేను. మీసాలాయన వచ్చి జబ్బ పట్టుకున్నాడు. "కదిలావంటే చంపేస్తా" అన్నాడు.

ఇల్లు చేరేసరికి ఆవిడ కుర్చీలో మేలుకునే ఉంది. ఏమైందని అడగలేదు, ముఖం చూసింది.

"వచ్చింది" అన్నాడు. నేల మీద కూలబడి బూట్లు విప్పుకున్నాడు. "వచ్చే నెల నుంచి. పొద్దున్న నేనే తీసుకెళతాను నిన్ను."

ఆవిడ ముఖంలో పనిచేసే సగం నవ్వింది. ఏడ్చింది కూడా, కళ్లు రెండూ పనిచేస్తాయి కాబట్టి. తర్వాత తుడుచుకుని, "ఆ అబ్బాయి?" అంది.

"కోపమొచ్చింది వాడికి. చాలా కోపమొచ్చింది. వాడి తప్పు లేదు, చంటిపిల్ల వాడికి. నాతో మాట్లాడకుండా వెళ్లిపోయాడు. రేపు కూడా మాట్లాడడేమో."

"నువ్వేం... చేశావు?"

"ఏం చేయలేదు. వెళ్లనిచ్చాను."

ఆవిడ ఎదురుచూసింది. అతను గదంతా ఒకసారి చూశాడు. మంచం, కిటికీ, ఆవిడ మందుల డబ్బా, గోడకి కూతురి పెళ్లి ఫోటో. అన్నీ పొద్దున్న ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. తననెవరూ ఎక్కడికీ పొమ్మనలేదు.

"ఏమీ కాలేదే" అన్నాడు. ఇంత చిన్న సంగతి తనకెవరూ ముందే ఎందుకు చెప్పలేదా అన్నట్టు ఆవిడ ముఖంలోకి చూసి, మళ్లీ "ఏమీ కాలేదు" అని, వెక్కి వెక్కి ఏడ్చాడు.